అయిదేళ్ల పాపకు నోవహు కథ ఎలా చెప్పాలి?

మహేంద్రతనయ
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పాపకు మొన్ననే అయిదేళ్లు నిండాయి. మూడు వారాల నుంచి వాన పడిన రాత్రి అస్సలు నిద్రపోవడం లేదు. ఉరుములకు భయపడుతోందనుకున్నాం. శుక్రవారం రాత్రి దుప్పట్లోంచి మెల్లగా అడిగింది: "అమ్మా, మనం మంచివాళ్లమేనా? వాన ఆగకపోతే దేవుడు మనల్ని ఓడ ఎక్కనిస్తాడా?"

అప్పుడు తెలిసింది. సండే స్కూల్లో నోవహు కథ చెప్పారు, దేవుడు జలప్రళయం తెచ్చి ఓడలో ఉన్న నోవహు కుటుంబాన్ని మాత్రం కాపాడిన బైబిల్ కథ. మాట వినని పిల్లలంతా నీళ్లలో మునిగిపోయారని, తలుపు కొట్టి ఏడ్చినా దేవుడు తియ్యలేదని చెప్పారట. చెప్పినావిడ మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. ఆమె మీద ఫిర్యాదు కాదు ఇది. కానీ మా ఇంట్లో తిత్లీ తుపాను మాట రాని వర్షాకాలం లేదు. 2018 అక్టోబర్‌లో ఆ తుపాను వచ్చేనాటికి పాప పుట్టనే లేదు. అయినా మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయిన సంగతి పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే వింటూనే పెరిగింది. ఆ తుపానూ ఈ కథా దాని బుర్రలో కలిసిపోయాయి. తుపానులో పోయినవాళ్లు దేవుడి మాట విననివాళ్లా అని కూడా అడిగింది. ఏం చెప్పాలో తోచక "పడుకో తల్లీ" అనేశాను. అలా అన్నందుకు తెల్లారేదాకా నాకూ నిద్ర పట్టలేదు.

బైబిల్లో ఏ వయసుకు ఏది చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? ఇంట్లో నేనే చెబుదామంటే ఇంకో ఇబ్బంది. పాప చదివేది ఒడియా మీడియం. తెలుగు బైబిల్ చదివి వినిపిస్తే సగం మాటలు దానికి అర్థం కావు. మీ పిల్లలతో మీరెలా చేశారో చెప్పండి.

రాయగడ_తమ్ముడు
"మనం మంచివాళ్లమేనా" అన్న దగ్గరే ఆగిపోయాను అక్కా. ముందు ఇవాళ రాత్రి పాపను పక్కలో పడుకోబెట్టుకోండి. మిగతాది పెద్దవాళ్లు చెబుతారు.

గుణుపూర్_టీచరమ్మ
పద్దెనిమిదేళ్లుగా మా సంఘంలో చిన్నపిల్లల క్లాసు నాదే. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తలుపు కొట్టి ఏడ్చారన్నది బైబిల్లో లేదమ్మా. ఆదికాండము 7:16లో యెహోవా నోవహును లోపల ఉంచి ఓడ మూసివేశాడని మాత్రమే ఉంది. కథ రక్తి కట్టాలని మనం సొంతంగా తగిలించే మాటలే పిల్లల మనసులో గట్టిగా పడిపోతాయి. అదే కథలో 6:6 చూడండి. మనుషుల చెడుతనం చూసి దేవుడు తన హృదయంలో నొచ్చుకున్నాడని ఉంది. ఉన్న ఆ మాట చెప్పం, లేని ఏడుపు చెబుతాం.

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు కథను బయట నిలబడి వినరు. లోపలికి వెళ్లిపోతారు. ఓడ అంటే ఓడలోనో నీళ్లలోనో తాము ఉంటారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, తప్పు చేసి నేర్చుకున్నాను. మొదట్లో ఒకసారి ఆరేళ్ల పిల్లలకు, దేవుడు అడిగితే అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయిన కథ మొత్తం చెప్పాను. కత్తి, కట్టెలు, కొండ, అన్నీ. మరుసటి వారం ఒక బాబు వాళ్ల నాన్నతో కొండమీది పొలానికి వెళ్లనని గుమ్మం పట్టుకుని ఏడ్చాడట. ఆ తండ్రి వచ్చి అడిగితే నాకు కాళ్లు చల్లబడ్డాయి. మేము ఆ కథలో విశ్వాసం చూస్తాం, వాడు తన నాన్న చేతిలో కత్తి చూశాడు. ఇప్పుడు ఆ కథ పదేళ్లు దాటినవాళ్లకే చెబుతున్నాను.

చిన్నవాళ్లకు ఒక రోజు ఒకే కథ, ఆ కథలో ఒకే సంగతి. దేవుడు మనల్ని చేశాడు, దేవుడు మనల్ని చూసుకుంటాడు, యేసయ్య పిల్లల్ని ఎత్తుకున్నాడు. వీటినే తిప్పి తిప్పి చెప్పాలి. తప్పిపోయిన గొర్రె, అయిదు రొట్టెలు రెండు చేపలు, జక్కయ్య చెట్టెక్కడం. ఒకే కథ నాలుగు వారాలు చెప్పినా విసుగు మనకే గానీ వాళ్లకు రాదు. అయిదారు నిమిషాలు దాటితే కూర్చోలేరు. అప్పుడు పాటో, బొమ్మకు రంగులో.

జయపురం_మావయ్య
టీచరమ్మ గారి అనుభవానికి గౌరవమే. కానీ నాకు వేరే అభిప్రాయం ఉంది. సామెతలు 1:7 ఏమంటోంది? "యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము." మేం లూథరన్లం, మార్టిన్ లూథర్ బాటలో నడిచే సంఘంవాళ్లం. 1882లో జర్మనీ నుంచి మిషనరీలు ఈ కొండల్లోకి వచ్చినప్పటి నుంచి మా ఇళ్లలో పద్ధతి ఒకటే. అక్షరాలు రాకముందే పది ఆజ్ఞలు నోటికి రావాలి. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పించేది. నోవహు కథ కూడా ఉన్నదున్నట్టే చెప్పింది. మాకేమీ కాలేదు. ఇప్పుడు పిల్లలకు ఆ కథ చివర వచ్చే ఇంద్రధనుస్సే చూపిస్తే, రేపు పాపం అంటే ఏమిటని వాళ్లే మనల్ని అడుగుతారు.

కాశీనగర్_పిన్ని
మావయ్య గారూ, ఆ వచనంలో ఉన్నది భయం కాదు, భయభక్తులు. మన తెలుగులో అది విడదీయకూడని జంట మాట. మా నాన్నగారి ముందు మాకు భయభక్తులు ఉండేవి. ఆయన గుమ్మంలో చెప్పుల చప్పుడు వింటే సర్దుకుని కూర్చునేవాళ్లం, మరు నిమిషంలో ఆయన ఒళ్లో ఉండేవాళ్లం. కుక్క వెంటపడితే ఉండేది వట్టి భయం, దానికి దూరంగా పారిపోతాం. పర్లాకిమిడి పాపకు ఇప్పుడు ఉన్నది రెండోది. దేవుడి నుంచి దాక్కోవాలని చూస్తోంది.

మీరు చెప్పిన ఆ ఆజ్ఞలకు అర్థం చెప్పే లూథర్ ప్రశ్నోత్తరాలు మా అత్తవారింట్లో కూడా ఉన్నాయి. 1529లో ఆయన వాటిని ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్లకు నేర్పాలనే రాశాడు. ప్రతి ఆజ్ఞకూ ఇచ్చిన అర్థం, మనం దేవునికి భయపడి ఆయనను ప్రేమించాలి అనే మొదలవుతుంది. భయం, ప్రేమ ఒకే వాక్యంలో ఉన్నాయి కదా.

జయపురం_మావయ్య
ఆ మాట నిజమే. కాదనను. కానీ ఆ రెండిట్లో ఒకటే చెప్పి ఊరుకోవద్దనే నా మనవి.

బరంపురం_నర్సు
పిల్లల వార్డులో పనిచేస్తాను. చనిపోవడం గురించి మన ఇళ్లలో వాడే మాటల మీద ఒక సంగతి చెప్పాలి. తుపానులో పోయినవాళ్ల గురించి పాప అడిగింది కాబట్టి.

ఒకసారి నాలుగేళ్ల బాబు ఇంజెక్షన్ కంటే ఎక్కువగా రాత్రి ప్రార్థనకు భయపడుతున్నాడు. వాళ్ల అమ్మమ్మ కళ్లు మూసుకోమంటే మూసుకోడు. నెమ్మదిగా కదిపితే తేలిందేమిటంటే, వాళ్ల తాత పోయినప్పుడు ఇంట్లో ఎవరో "తాతంటే దేవుడికి ఇష్టం, అందుకే తీసుకెళ్లిపోయాడు" అన్నారు. ప్రార్థన చేస్తే దేవుడికి తానూ ఇష్టమవుతాడు, తననూ తీసుకెళ్లిపోతాడు. వాడి లెక్క అది. తప్పుపట్టడానికి లేదు, మనం చెప్పిన మాటకు సరైన లెక్కే. "తాత నిద్రపోయాడు" అంటే పడుకోవడానికి భయపడే పిల్లల్ని కూడా చూశాను.

నేనైతే ఇలా చెబుతాను: తాత ఒళ్లు బాగా పాడైపోయింది, ఇక పనిచేయలేదు, చనిపోయాడు. మనకు ఏడుపు వస్తుంది. యేసయ్య కూడా తన స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు ఏడ్చాడు. తాత ఇప్పుడు యేసయ్య దగ్గర ఉన్నాడు. అంతే. "యేసు కన్నీళ్లు విడిచెను" అని యోహాను 11:35. రెండు మూడు మాటల వచనం, మూడేళ్ల పిల్లలకు కూడా నోటికి వస్తుంది. పెద్దయ్యాక కష్టంలో పనికొస్తుంది.

తుపాను గురించి పాప మళ్లీ అడిగితే, వాళ్లు చెడ్డవాళ్లు కాబట్టి పోలేదు అని ఆ మొదటి మాట గట్టిగా, స్పష్టంగా చెప్పండి. లూకా 13లో సిలోయము గోపురం పడి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసయ్యే అన్నాడు. పాపకు ఆ అధ్యాయం అక్కర్లేదు. మీకు కావాలి, చెప్పే గొంతులో ధైర్యం రావడానికి.

మహేంద్రతనయ
నర్సు గారూ, సిలోయము గోపురం సంగతి ఎన్నిసార్లో చదివాను, ఈ ప్రశ్నకు దాన్ని కలపాలని తట్టలేదు. ఇవాళ పాపకు ఆ మొదటి మాట చెప్పాను. "మరి కొండ ఎందుకు జారింది?" అంది. చాలా వాన పడితే మట్టి మెత్తబడి జారుతుందని చెప్పాను. "ఓ, మట్టా" అని ఆడుకోవడానికి వెళ్లిపోయింది.

రాయగడ_తమ్ముడు
"ఓ, మట్టా." ఇంత తేలికైన జవాబు మనకు తట్టలేదు చూడండి.

మా అక్క కొడుకు సంగతి చెప్పనా. నీ హృదయంలో యేసయ్య ఉన్నాడు అని వాడికి చెప్పాం. మరునాడు పొద్దున పాలు ముట్టుకోడు. ఎందుకురా అంటే, "వేడిగా ఉన్నాయి, యేసయ్యకి కాలుతుంది" అన్నాడు. చల్లారేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

గుణుపూర్_టీచరమ్మ
బంగారు తండ్రి! ప్రేమ ఉంది కాబట్టే ఆగాడు. కానీ చూడండి, పోలిక మాటలు ఆ వయసుకు పోలికలుగా వినపడవు. గొర్రెపిల్ల రక్తము, జీవాహారము, తిరిగి జన్మించడం, ఇవన్నీ ఉన్నది ఉన్నట్టే ఊహించుకుంటారు. "యేసయ్య నిన్ను ప్రేమిస్తాడు, నీతో ఉంటాడు" అంటే చాలు. ఎనిమిది తొమ్మిదేళ్లకు పోలిక పట్టుకోవడం మెల్లగా మొదలవుతుంది, పదకొండు పన్నెండుకు బాగా కుదురుతుంది.

బల్లార్షా_షిఫ్టు
మాది మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా. మా తాత కరీంనగర్ వైపు నుంచి పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. భాష ఇబ్బంది మా ఇంట్లో కూడా అదే. పిల్లలు మరాఠీ మీడియం, సంఘంలో ఆరాధన తెలుగు.

మొదట నేను పట్టుబట్టి తెలుగు బైబిలే చదివించాను. పెద్దోడు అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు, అర్థం మాత్రం సున్నా. కీర్తనలు 23 అప్పజెప్పి, "నాన్నా, లేమి అంటే ఎవరు?" అని అడిగాడు. నాకు లేమి కలుగదు, అందులో లేమి ఒక మనిషి అనుకున్నాడు. సరే అని మరాఠీ బైబిల్ తెచ్చాను. అందులో యెహోవా అని ఉన్నచోట పరమేశ్వర్ అని ఉంటుంది. మా అమ్మ వింటూ విని ఉలిక్కిపడింది, మనవడు ఏ దేవుడి పాఠం చదువుతున్నాడని. ఆమెకు కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు చేస్తున్నది ఇది. కథ నేను తెలుగులో చెబుతాను, నా సొంత మాటల్లో. చదువుకోవడం వాడు మరాఠీలో చదువుకుంటాడు. ప్రార్థన ఏ భాష వస్తే ఆ భాషలో. చిన్నది ఒకే ప్రార్థనలో రెండు భాషలూ కలిపేస్తుంది, దేవుడికి అన్నీ వచ్చు.

ఇంకోటి. నాకు షిఫ్టు డ్యూటీ. రాత్రి కుటుంబ ప్రార్థన వారంలో సగం రోజులు కుదరదు. చాలా కాలం ఆ దిగులు ఉండేది. తర్వాత ద్వితీయోపదేశకాండము 6:7 సరిగ్గా చదివాను. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని నాలుగు సమయాలు చెప్పింది. నాకు త్రోవ దొరికింది. చిన్నదాన్ని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లే పది నిమిషాలే మా కుటుంబ ప్రార్థన. దారిలో కొంగ కనిపిస్తే దాన్ని ఎవరు చేశారు అంటాను. అక్కడి నుంచి మాటలు అవే వస్తాయి.

కాశీనగర్_పిన్ని
సైకిల్ కడ్డీ మీద కుటుంబ ప్రార్థన! మీ పాప ముసలిదయ్యాక కూడా ఆ దారి గుర్తుంటుంది బాబూ.

గుణుపూర్_టీచరమ్మ
ఒడియాలో యెహోవాకు సదాప్రభు అంటారు. మా క్లాసులో ఒక పాప చాలా రోజులు యెహోవా, సదాప్రభు ఇద్దరు వేరే వేరే అనుకుంది. "ఇద్దరిలో పెద్దెవరు టీచర్?" అని అడిగాక గానీ నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఏడాది మొదట్లో ఒక ఆదివారం ఈ పేర్లకే పెడతాను. అమ్మను మనం అమ్మ అంటాం, ఒడియాలో "మా" అంటారు, "బోవు" అంటారు, మనిషి ఒక్కరే కదా అని మొదలుపెడితే చటుక్కున పట్టుకుంటారు.

జయపురం_మావయ్య
భాష విషయంలో మీతో ఏకీభవిస్తాను. నెహెమ్యా 8:8లో ధర్మశాస్త్ర గ్రంథం చదివి, జనులు గ్రహించేలా అర్థం చెప్పారని ఉంది. చదివి వదిలెయ్యలేదు.

కానీ వచనాలు మాత్రం పాత తెలుగులోనే కంఠతా పట్టించాలని నా గట్టి అభిప్రాయం. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నదానిలో ఉన్న నడక, "దేవుడు నన్ను చూసుకుంటాడు కాబట్టి నాకు ఏ లోటూ ఉండదు" అంటే రాదు. నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు స్పృహ వచ్చీ రాకముందు నోటికి వచ్చింది అదే. అర్థం తెలిసి నేర్చుకున్నానా అంటే లేదు. ఆరేళ్లప్పుడు అమ్మ పట్టించింది. అర్థం అరవై ఏళ్లకు వచ్చింది.

మహేంద్రతనయ
మావయ్య గారూ, మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. నేను కూడా పాపకు ఒక్క వచనమైనా అలాగే నేర్పిస్తాను.

అయితే కథలు మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెబుతాను. మా ఊళ్లో ఉండి గిడుగు రామమూర్తి పంతులు గారిని మర్చిపోలేం కదా. ఇక్కడే బడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, పిల్లలకు వాళ్లు మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా పోట్లాడారు. ఆయన నడిచిన వీధుల్లో పెరిగే పిల్లకు అర్థం కాని మాటల్లో దేవుడిని చూపించడానికి నాకు మనసు రావడం లేదు.

బరంపురం_నర్సు
పాపకు నేర్పే ఆ ఒక్క వచనాన్నే భయానికి మందుగా వాడొచ్చు. కీర్తనలు 56:3, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." ఆశ్రయించడం అంటే అమ్మ కొంగు పట్టుకోవడం అని చేసి చూపించండి. వార్డులో పిల్లల చేత దుప్పటి అంచు పట్టించి చెప్పిస్తాను.

రాయగడ_తమ్ముడు
కంఠతా అంటే గుర్తొచ్చింది. వచనానికో చాక్లెట్ ఇచ్చే పద్ధతి మీద మీరేమంటారు? మా సంఘంలో ఈ సమ్మర్‌లో వి.బి.ఎస్.లో, అంటే సెలవుల బైబిల్ క్లాసుల్లో, పోటీ పెడితే ఒక బాబు ఇరవై వచనాలు గడగడా చెప్పాడు. ప్రైజు తీసుకున్నాడు. వాడి చెల్లెలు రెండే చెప్పి ఏడ్చింది, యేసయ్యకు తనంటే ఇష్టం లేదని.

కాశీనగర్_పిన్ని
నేను పూర్తిగా వ్యతిరేకం. చాక్లెట్ అయిపోయాక వచనం కూడా అయిపోతుంది.

బల్లార్షా_షిఫ్టు
నాకు అంత వ్యతిరేకత లేదు. నేను చిన్నప్పుడు ప్రైజుగా వచ్చిన కొత్త నిబంధన కోసమే నేర్చుకున్నాను, అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. పోటీ పెట్టకుండా, నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఇస్తే సరిపోతుంది. రెండు చెప్పిన చెల్లెలికి కూడా.

గుణుపూర్_టీచరమ్మ
మేము ఆరేళ్ల లోపు పోటీ పెట్టడం మానేశాం. అందరూ కలిసి చేతులు ఊపుతూ చెబుతారు. రానివాళ్లకు పక్కవాళ్ల నోరు చూసి అదే వస్తుంది. ఆ పాప ఇంటికి ఎవరైనా వెళ్లి, యేసయ్యకు నువ్వంటే ఇష్టమని చెప్పారా తమ్ముడూ? ఇంకా వెళ్లకపోతే ఇవాళే వెళ్లు.

రాయగడ_తమ్ముడు
వెళ్లలేదు టీచరమ్మా. సాయంత్రం వెళ్తాను.

కాశీనగర్_పిన్ని
వి.బి.ఎస్. అన్నారు కాబట్టి చిన్న జాగ్రత్త. ఇరుగుపొరుగు హిందూ ఇళ్ల పిల్లలు పాటల కోసం, బొమ్మల కోసం వస్తుంటారు. మన ఒడిశాలో 1967 నుంచి మత స్వేచ్ఛా చట్టం ఉంది. బలవంతంగా, ఆశ చూపి మతం మార్చడం నేరం, చిన్నపిల్లల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ. మనకు అలాంటి ఉద్దేశం లేకపోయినా, ఆ పిల్లల అమ్మానాన్నలకు ముందే చెప్పి, వాళ్లు సరేనంటేనే కూర్చోబెట్టండి. చట్టం లేకపోయినా అది మర్యాద. మన పిల్లలను మనకు చెప్పకుండా ఎవరైనా కూర్చోబెట్టుకుంటే మనం ఊరుకుంటామా?

అలాగే మన పిల్లలకు వాళ్ల దేవుళ్ల గురించి చులకనగా చెప్పకండి. మా మనవరాలి స్నేహితురాలు రథయాత్రకు వెళ్లొచ్చి ఆ ముచ్చట్లు చెబుతుంటే ఇది నోరు తెరుచుకుని వింది. వినమనే చెప్పాను. మన ఇంట్లో మనం యేసయ్యకు ప్రార్థన చేస్తాం, వాళ్లింట్లో వాళ్ల పద్ధతి వేరు, నీ స్నేహితురాలిని నువ్వు ప్రేమించాలి అన్నాను. ఆరేళ్లకు అంత చాలు.

మహేంద్రతనయ
ఇంకొక్కటి అడగాలి. సిలువ సంగతి? గుడ్ ఫ్రైడేకి కొరడా దెబ్బల సీన్లు తెర మీద వేస్తారు, పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు.

గుణుపూర్_టీచరమ్మ
అవి చూపించకండి. ఆ పూట పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టమని మా పెద్దలను మూడేళ్లు అడిగితే ఒప్పుకున్నారు. మీరూ అడగండి, ఒకసారి కాదంటే మళ్లీ అడగండి.

అంటే సిలువను దాచమని కాదు. సిలువ లేకుండా సువార్తే లేదు. చిన్నవాళ్లకు మేకులు, రక్తం వర్ణించకుండా, "యేసయ్య ఏ తప్పూ చెయ్యలేదు. ఆయన్ని సిలువ మీద చంపేశారు. మనల్ని ప్రేమించి ఆయన దాన్ని భరించాడు. మూడో రోజున లేచాడు!" అని ఒకే ఊపులో చెప్పాలి. శుక్రవారం దగ్గర ఆపి, మిగతాది వచ్చే వారం అనకూడదు. ఆ వారమంతా పిల్లలకు యేసయ్య చనిపోయే ఉంటాడు.

జయపురం_మావయ్య
ఈ చర్చ మొదలైన దగ్గర నుంచి ఆలోచిస్తున్నాను. మా మనవడికి పదకొండేళ్లు. నిన్న వాడే నోవహు కథ తీసి, "తాతా, ఆ ఊళ్లో పసిపిల్లలు ఏం తప్పు చేశారు?" అని అడిగాడు. చిన్నప్పుడు నాకూ వచ్చిన ప్రశ్నే ఇది. ఆరోజు అడిగితే దెబ్బలు పడతాయని అడగలేదు. అంతకు ముందు మాకేమీ కాలేదని రాశాను, అది పూర్తిగా నిజం కాదేమో.

వాడికి నేను చెప్పింది, "నాకు పూర్తిగా తెలియదురా, దేవుడు నొచ్చుకున్నాడని రాసుంది, ఆయన అన్యాయం చెయ్యడని నేను నమ్ముతున్నాను" అని. టీచరమ్మ గారు పైన రాసిన 6:6 తీసి చూపించాను. చాలాసేపు ఇద్దరం ఊరికే కూర్చున్నాం. పన్నెండేళ్లప్పుడు యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు అడిగాడని లూకా 2:46లో ఉంది. అడగనివ్వాలి. అయిదేళ్ల పాపకు ఎలా చెప్పాలో మీరే నాకంటే బాగా చెప్పారు. పదకొండేళ్ల వాళ్లకు మాత్రం కథ మొత్తం ఇవ్వండి, తియ్యగా చేసి ఇవ్వకండి.

గుణుపూర్_టీచరమ్మ
మావయ్య గారూ, పదకొండేళ్లకు మొత్తం ఇవ్వాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. మా సంఘంలో పదిహేనేళ్లకు మానేసే పిల్లల్లో చాలామంది ప్రశ్నలకు జవాబు దొరక్క మానేసినవాళ్లే.

బరంపురం_నర్సు
పర్లాకిమిడి అక్కా, పాప ఎలా ఉంది? నిన్న రాత్రి మాకు ఇక్కడ బాగా పడింది, మీవైపు కూడా పడే ఉంటుంది.

మహేంద్రతనయ
పడింది. రాత్రి పదిన్నరకు లేచి కూర్చుంది. నోవహు జోలికి పోకుండా మార్కు 4లో పడవ కథ చెప్పాను. పెద్ద గాలి, పడవలోకి నీళ్లు, శిష్యులందరికీ టెన్షన్. యేసయ్య ఎక్కడున్నాడు? పడవ వెనక తలగడ మీద పడుకుని నిద్రపోతున్నాడు. దాని ముఖం మారిపోయింది. "తలగడ ఉందా? బైబిల్లో ఉందా?" అంది. ఉందని బైబిల్ తెచ్చి వేలితో ఆ మాట చూపించాను. ఒడియా అక్షరాలు తప్ప రావు దానికి, అయినా ఆ మాట మీద వేలు పెట్టి కూర్చుంది. తర్వాత దాని తలగడలో సగం ఖాళీగా వదిలి పక్కకు జరిగి పడుకుంది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. వాన మూడింటి దాకా పడుతూనే ఉంది, పాప లేవలేదు.

కథ చెప్పిన ఆవిడతో కూడా మాట్లాడాను. ఆమె బాధపడింది. శిక్షణ ఎవరూ ఇవ్వలేదమ్మా, మా చిన్నప్పుడు మాకు చెప్పినట్టే చెప్పాను అంది. వచ్చే ఆదివారం నుంచి నన్ను కూడా క్లాసుకు రమ్మంది, పడవ కథతో మొదలుపెడదామని. బొమ్మలు ఏమీ లేవు మా దగ్గర. బొమ్మలు అంటించి కథ చెప్పే గుడ్డ బోర్డు, పాత ఫ్లానెల్ బోర్డు ఎవరి దగ్గరైనా ఉందా?

గుణుపూర్_టీచరమ్మ
నా దగ్గర రెండు ఉన్నాయి, ఒకటి పంపిస్తాను. పడవ ఉంది, శిష్యులు పదకొండు మందే ఉన్నారు, ఒకరు ఎక్కడో పోయారు. తలగడ బొమ్మ లేదు, మీ పాప చేత గీయించండి. మంగళవారం మా తమ్ముడు పర్లాకిమిడి బస్సులో వస్తున్నాడు, బస్టాండుకు ఎవరినైనా పంపండి.

రాయగడ_తమ్ముడు
టీచరమ్మా, ఆ చెల్లి ఇంటికి వెళ్లొచ్చాను. నాకు ఆ రెండు వచనాలూ మళ్లీ అప్పజెప్పింది. మూడోది నేర్పమంది.